తీగెతో కలిసిన తొలితరం కంప్యూటర్లు

కొరాపుట్ పీఠభూమికి ఆధునిక యుగం తీగె రూపంలో ప్రవేశించిందంటే అతిశయోక్తి కాదు. విజయనగరం నుండి పార్వతీపురం, రాయగడల మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం 1931 నాటికి పూర్తయింది. పట్టాల వెంట తంతి స్తంభాలు నిలిచాయి. స్టేషను మాస్టరు బల్లమీద మీట టకటకలాడితే కొండకు అవతలి స్టేషనులో ఆ కబురు అందేది. తరువాత 1955లో ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టుగా మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం పనిచేయనారంభించింది. కొండలు దాటి, అడవులు దాటి లావుపాటి తీగెలు మైదానాల వైపు సాగాయి. జలాపుట్ జలాశయం కోసం ఇళ్లూ పొలాలూ విడిచిన గిరిజనుల పల్లెల నడుమ నుండి పోయిన ఆ వెలుగు, ఆ పల్లెలలో చాలావాటికి ఎంతోకాలం అందలేదన్నది కూడా చరిత్రలో భాగమే.

మూడవ తీగె వీటితో పోలిస్తే చాలా సన్ననిది, చాలా పొట్టిది. పది పదిహేను అడుగులకు మించదు. బల్లమీది ఒక కంప్యూటరును పక్క బల్లమీది కంప్యూటరుతో కలుపుతుంది. దుకాణంలో దొరకని కాలంలో చేతితో, టంకంతో తయారు చేసుకున్న తీగె అది. 1980లలోనూ 1990ల తొలి సంవత్సరాలలోనూ ప్రపంచమంతటా వేలాది ఇళ్లలో, బడులలో, రేడియో మరమ్మతు దుకాణాలలో తయారైన ఈ తీగెకు చరిత్ర గ్రంథాలలో చోటు తక్కువ. అయినా పాత యంత్రాలలో చిక్కుపడిన తెలుగు రాతలను ఈనాడు బయటికి తీయవలసివచ్చినప్పుడు మళ్లీ దాని అవసరమే కలుగుతోంది.

ఈ ప్రాంతానికి కంప్యూటరు చరిత్రతో సంబంధం ఏమిటని ఎవరికైనా సందేహం కలగవచ్చు. సంబంధం ఉన్నది, అదీ చిన్నది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు జయపురం సంస్థానం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండేది. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఒడియా, తెలుగు భాషలు రెండింటిలోనూ సాహిత్యాభిలాష గల ప్రభువు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల చొప్పున ఆయన ప్రకటించిన విరాళం ఆ కాలపు లెక్కలో అపారమైనది. వాల్తేరులో 1931లో నెలకొన్న శాస్త్ర సాంకేతిక కళాశాల అందువల్లనే జయపురం విక్రమదేవ కళాశాలగా ప్రసిద్ధికెక్కింది. ఆ విశ్వవిద్యాలయంలోనే 1930లలో భౌతికశాస్త్రం బోధించినవారు సూరి భగవంతం. దేశంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు ప్రణాళిక వేయడానికి 1963లో హోమీ భాభా అధ్యక్షతన ఏర్పడిన కమిటీలో విక్రమ్ సారాభాయ్‌తో పాటు భగవంతం, అయ్యగారి సాంబశివరావు అనే ఇద్దరు తెలుగువారు సభ్యులుగా ఉన్నారు. ఆ సాంబశివరావే 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు రూపమిచ్చారు. ట్రాంబే పరిశోధన కేంద్రంలో 1969 ప్రాంతంలో రూపొందిన టి.డి.సి.–12 మొదలుకొని స్వదేశీ కంప్యూటర్ల శ్రేణి ఆ సంస్థ నుండే వెలువడింది. జయపురం ఖజానా నుండి వెళ్లిన సొమ్ముకూ ఈ యంత్రాలకూ నడుమ సూటిగా గీత గీయడం చరిత్రకారునికి తగదు. కాని కొరాపుట్ కొండల శిస్తు ఒక విజ్ఞానశాల గోడలుగా మారిందన్నది మాత్రం కాదనలేని విషయం.

ఇ.సి.ఐ.ఎల్. యంత్రాలు ప్రభుత్వ కార్యాలయాలకు, పరిశోధనశాలలకు ఉద్దేశించినవి. ఇంటి బల్లమీద, బడి గదిలో ఇమిడే కంప్యూటరు వేరు. 1981 డిసెంబరులో బ్రిటన్‌లో ఏకార్న్ సంస్థ 'బి.బి.సి. మైక్రో'ను విడుదల చేసింది. అందులోని జ్ఞాపకశక్తి కేవలం 32 కిలోబైట్లు. ఇప్పుడు ఒక చిన్న ఛాయాచిత్రానికి కూడా అది చాలదు. మన దేశంలో 1984–85లో ప్రారంభమైన 'క్లాస్' పథకం కింద సుమారు 250 ఉన్నత పాఠశాలలకు ఈ యంత్రాలనే ఇచ్చారు. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థ 'యూనికార్న్' పేరుతో వీటిని స్వదేశంలో తయారుచేసింది. 1989 ఫిబ్రవరిలో ఆ కర్మాగారం అగ్నిప్రమాదంలో దగ్ధమైంది. బ్రిటన్‌కే చెందిన సింక్లెయిర్ స్పెక్ట్రమ్‌ను 1986 నుండి పుణేలోని డెసిబెల్స్ సంస్థ 'డీబీ స్పెక్ట్రమ్' పేరుతో విక్రయించింది. 1984 నవంబరులో ప్రకటించిన కొత్త కంప్యూటరు విధానం తరువాత ఐ.బి.ఎం. పి.సి. నమూనాలో దేశీయంగా కూర్చిన యంత్రాలు క్రమంగా పట్టణాలకు చేరాయి.

ఇన్ని యంత్రాలు వచ్చాయి సరే, వాటిని ఒకదానితో ఒకటి కలపవలసిన అవసరం ఎందుకు కలిగింది? పేదరికమే కారణం. యంత్రానికి ఒక టేపు రికార్డరుతో సరిపెట్టుకొనే రోజులవి. బి.బి.సి. మైక్రోలో 32 కిలోబైట్ల సమాచారం క్యాసెట్టు నుండి ఎక్కడానికి దాదాపు ఐదు నిమిషాలు పట్టేది. టేపు కాస్త సాగినా, మధ్యలో కరెంటు పోయినా మళ్లీ మొదటికే. డిస్కు డ్రైవు ధర కొన్నిచోట్ల కంప్యూటరు ధరతో పోటీపడేది. అచ్చుయంత్రం బడికి ఒక్కటుంటే గొప్ప. కనుక ఒక యంత్రానికి ఉన్న డిస్కును, ప్రింటరును తక్కినవి పంచుకోవాలంటే తీగెతో కలపడమే మార్గం. ఉమ్మడి బావిలో ఎవరి చేద వారు వేసుకున్నట్లు అన్నమాట.

ఏకార్న్ సంస్థ ఇందుకోసం 'ఎకోనెట్' అనే ఏర్పాటు చేసింది. రెండు జతల తీగెలు, ఒక భూమి తీగె. ఒక జతలో సమాచారం, రెండవ జతలో గడియారపు తాళం. ఒక్క తీగెమీద 254 యంత్రాల వరకు కూర్చవచ్చు. స్పెక్ట్రమ్‌ది ఇంకా సులువైన పద్ధతి. 1983లో వచ్చిన 'ఇంటర్‌ఫేస్–1' అనే అదనపు పెట్టెను తగిలిస్తే 64 యంత్రాలు వరుసగా కలిసేవి. దానికి వాడిన ప్లగ్గు మరేదో కాదు, టేపు రికార్డరు ఇయర్‌ఫోనుకు వాడే 3.5 మిల్లీమీటర్ల ప్లగ్గే. అంటే చిన్న ఊరి రేడియో మెకానిక్కు కూడా అరగంటలో తయారుచేయగల తీగె అది. పెద్ద పెద్ద సంస్థలు అల్లిన జటిలమైన వలల కంటె ఈ ఇయర్‌ఫోను ప్లగ్గు పద్ధతే సామాన్యునికి దగ్గరైనదని చెప్పాలి.

అయితే అందరికీ పనికివచ్చింది, ఏ జాతి యంత్రాన్నయినా మరో జాతి యంత్రంతో మాట్లాడించింది 'ఆర్.ఎస్.–232' పద్ధతి. దీని పుట్టుక 1960లో, అమెరికాలో. టెలిప్రింటరును, టెలిఫోను తీగెకు తగిలించే మోడెమ్‌ను కలపడానికి ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం నిర్ణయించిన నియమావళి ఇది. 1969లో వచ్చిన మూడవ సవరణ చాలాకాలం వాడుకలో నిలిచింది. తీగెలో ఋణ విద్యుత్తు ఉంటే 'మార్క్', ధన విద్యుత్తు ఉంటే 'స్పేస్'. ఈ రెండు మాటలూ తంతి ఆపరేటర్ల భాష నుండి వచ్చినవే. రైలు స్టేషనులోని తంతి మీటకూ కంప్యూటరుకూ బంధుత్వం ఈ విధంగా మాటలలో మిగిలిపోయింది. మన దేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. దాని మాటలు మాత్రం యంత్రాల వెనుక రంధ్రాలలో ఇంకా బతికి ఉన్నాయి.

ఆర్.ఎస్.–232 నియమం ప్రకారం కంప్యూటరు ఒక పాత్ర, మోడెమ్ మరొక పాత్ర. 25 సూదుల ప్లగ్గులో 2వ సూది కంప్యూటరుకు నోరు, 3వ సూది చెవి, 7వ సూది భూమి. మోడెమ్‌లో ఇవే అంకెలు తలక్రిందులుగా పనిచేస్తాయి కనుక మధ్యలో ఉన్న తీగె నిటారుగా 2ను 2తో, 3ను 3తో కలిపితే చాలు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మోడెమ్ లేకుండా రెండు కంప్యూటర్లను నేరుగా కలపబోయినప్పుడు. రెండూ కంప్యూటర్లే. నిటారు తీగె వేస్తే ఒకరి నోటికి మరొకరి నోరు, ఒకరి చెవికి మరొకరి చెవి ఆనించినట్లవుతుంది. ఇద్దరూ మాట్లాడతారు, ఎవరికీ వినిపించదు. అందుచేత 2ను 3తో, 3ను 2తో అడ్డంగా మార్చి, 7ను 7తో కలపాలి. మధ్యలో లేని మోడెమ్ ఉన్నట్లు యంత్రాన్ని నమ్మించే తీగె కాబట్టి దానికి 'నల్ మోడెమ్' అనే పేరు వచ్చింది.

మూడు తీగెలతో పని అయిపోతే బాగుండేది. కాని కొన్ని కార్యక్రమాలు మర్యాదస్తుల వంటివి. ఎదుటివారు సిద్ధంగా ఉన్నారో లేదో అడగకుండా నోరు విప్పవు. 4వ సూది మీద 'పంపనా?' అని అడిగి, 5వ సూది మీద 'పంపు' అనే జవాబు కోసం ఎదురుచూస్తాయి. 20వ సూది మీద 'నేను ఉన్నాను' అని చెప్పి, 6, 8 సూదుల మీద ఎదుటివారి ఉనికిని పరీక్షిస్తాయి. జవాబు రాకపోతే యంత్రం మౌనంగా కూర్చుంటుంది. చూసేవారికి తీగె చెడిపోయినట్లే ఉంటుంది. దీనికి పేదవాని ఉపాయం ఒకటుంది. ప్రతి ప్లగ్గులోనూ 4ను 5తో, అలాగే 6, 8, 20లను కలిపి చిన్న తీగె ముక్కలతో టంకం వేస్తారు. అప్పుడు యంత్రం తాను అడిగిన ప్రశ్నకు తానే 'ఊ' కొట్టుకొని సంతృప్తిపడి పని ప్రారంభిస్తుంది. ఇది మోసమే. వేగం ఎక్కువైతే అవతలి యంత్రం నిజంగా సిద్ధంగా లేనప్పుడు అక్షరాలు జారిపోతాయి. ఓపిక గలవారు ఏడెనిమిది తీగెలనూ సక్రమంగా అడ్డం మార్చి పూర్తి తీగె తయారుచేసుకొనేవారు.

1984లో ఐ.బి.ఎం. 'ఏ.టి.' యంత్రంతో 9 సూదుల ప్లగ్గు వచ్చి కొత్త గందరగోళం తెచ్చింది. అందులో 2 చెవి, 3 నోరు, 5 భూమి. అంటే 25 సూదుల ప్లగ్గుకు, 9 సూదుల ప్లగ్గుకు మధ్య వేసే తీగెలో 2ను 2తో, 3ను 3తో కలిపితేనే అడ్డం మారినట్లు. పాత అలవాటు చొప్పున 2ను 3తో కలిపినవారు గంటల తరబడి తలలు పట్టుకొనేవారు. బి.బి.సి. మైక్రోది మరో విచిత్రం. దాని వరుస రంధ్రంలో ఐదు సూదులు పాచికమీది ఐదు చుక్కల్లా అమరి ఉంటాయి. ఆ ప్లగ్గును రెండు విధాలుగా తిప్పి దూర్చవచ్చు. ఏది పైవైపో తెలియడానికి ప్లగ్గు మీద చుక్క పెట్టుకోవడం తప్ప గత్యంతరం లేదు.

పని ముట్లు కొద్దివే: టంకం కాల్చే సోల్డరింగ్ కడ్డీ, సీసం తీగె, రోజనం, శ్రావణం, తీగె తెగిందో లేదో చూడడానికి ఒక మల్టీమీటరు. మల్టీమీటరు లేనివారు టార్చి బల్బు, బ్యాటరీ సెల్లులతో ఆ పని చేసేవారు. ఇరవై అయిదు సూదుల వెనుక చిన్న చిన్న గిన్నెల్లాంటి కొనలుంటాయి. ఆ గిన్నెలో ముందుగా కరిగిన సీసం నింపి, తీగె కొనకు కూడా సీసం పూసి, రెండింటినీ ఒక్క క్షణం వేడితో అతికించాలి. చేయి వణికితే పక్క గిన్నెలోకి సీసం పారుతుంది. వానాకాలంలో నెలల తరబడి గాలి తడిగా ఉండే కొరాపుట్ వంటి కొండ ప్రాంతంలో, సరిగా అంటుకోని టంకం కొంతకాలానికే పచ్చగా చిలుమెక్కుతుంది. అన్నిటికంటె పెద్ద ప్రమాదం వేరే ఉన్నది. రెండు యంత్రాలకు వేర్వేరు చోట్ల నుండి కరెంటు వస్తూ, వాటిలో ఒకదానికి భూమి తీగె సరిగా లేకపోతే, తగిలించిన మరుక్షణం లోపలి 1488, 1489 అనే చిన్న చిప్పులు కాలిపోతాయి. అందుకే రెండు యంత్రాలనూ ఆపి, ఒకే ప్లగ్గు పెట్టె నుండి కరెంటు ఇచ్చి, తీగె తగిలించిన తరువాతనే మీట వేయాలన్నది అనుభవజ్ఞుల మాట.

వేగం సంగతి చూస్తే ఈ తరం పిల్లలు నవ్వుతారు. సెకనుకు 9600 బిట్ల వేగంతో 960 అక్షరాలు పోతాయి. ఒక 360 కిలోబైట్ల ఫ్లాపీలోని సమాచారమంతా తీగె దాటడానికి ఆరున్నర నిమిషాలు. దీనికంటె వేగంగా పోవాలనుకున్నవారు ప్రింటరు రంధ్రాన్ని ఆశ్రయించారు. ప్రింటరుకు ఎనిమిది తీగెల మీద ఒకేసారి అక్షరం పోతుంది గాని, తిరిగి లోపలికి రావడానికి ఐదే తీగెలున్నాయి. కనుక అక్షరాన్ని సగానికి విరిచి, నాలుగేసి బిట్లుగా పంపే ఉపాయం కనిపెట్టారు. 1993లో వచ్చిన ఎం.ఎస్.–డాస్ 6వ కూర్పులో ఈ తీగెను వాడుకొనే సదుపాయం యంత్రంతోనే వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో వెలువడిన 'డూమ్' ఆటను ఇద్దరు కలిసి ఆడడానికి నల్ మోడెమ్ తీగె చుట్టని కుర్రవాళ్లు పట్టణాలలో అరుదు. పెద్దలు చీదరించుకున్న ఆ ఆట వల్లనే చాలామందికి టంకం పట్టడం వచ్చిందన్నది ఒప్పుకోవలసిన విషయం.

ఇక తెలుగు అక్షరాల సంగతి. తెలుగు మాధ్యమంలో చదివిన వారికి ముఖ్యమైనది ఇదే. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు అన్నీ ఏడు బిట్లలో ఇముడుతాయి. భారతీయ లిపుల కోసం 1980లలో కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై, 1988లో స్థాపించిన పుణే సి–డాక్ సంస్థలో పెంపొందిన 'జిస్ట్' పద్ధతి ఎనిమిదవ బిట్టును ఉపయోగించుకున్నది. 1991లో భారత ప్రమాణాల సంస్థ 'ఇస్కీ' పేరుతో దీనిని ఖాయపరిచింది. దాని ప్రకారం 'క' అక్షరం సంఖ్య 179, 'గ' సంఖ్య 181. తీగె బాగానే ఉన్నా, రెండు కొనలలో ఒక యంత్రాన్ని పాత అలవాటు చొప్పున ఏడు బిట్లకు అమర్చితే ప్రతి సంఖ్యలోనూ 128 ఊడిపోతుంది. 179 కాస్తా 51 అవుతుంది. 51 అంటే ఇంగ్లీషు పద్ధతిలో '3' అనే అంకె. 'గ' వెళ్లి '5'గా దిగుతుంది, 'త' వెళ్లి 'బి'గా, 'ల' వెళ్లి 'క్యూ'గా దిగుతుంది. పుటలకు పుటలు తెలుగు పాఠం ఇవతలి గట్టున ఎక్కి అవతలి గట్టున అంకెల చెత్తగా దిగడం ఆ రోజులలో జరిగేది. ఇంగ్లీషు ఉత్తరానికి ఏ హానీ కలిగించని అమరిక తెలుగు ఉత్తరాన్ని పూర్తిగా మింగివేసేది. యంత్రం తప్పు లేదు, తీగె తప్పు లేదు; ఏడు బిట్లు చాలునన్న తలపు మాత్రం ఎక్కడో మరో భాష వారు చేసిన నిర్ణయం. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో 1981లో రూపొందిన 'కెర్మిట్' అనే కార్యక్రమం ఈ చిక్కుకు పరిష్కారం చూపింది. ఏడు బిట్ల దారిలో కూడా ఎనిమిదవ బిట్టును ముందొక గుర్తు పెట్టి పంపి, అవతల మళ్లీ కూర్చుతుంది. తెలుగు కోసం తయారైనది కాకపోయినా తెలుగుకు మేలు చేసిన సాధనం అది.

ఇస్కీలో రెండు లిపుల నేలకు తగిన మరో విశేషమున్నది. ఒడియా 'క'కూ తెలుగు 'క'కూ ఒకటే సంఖ్య. అంటే తీగెలో పోయే సంకేతానికి లిపి లేదు, ధ్వని మాత్రమే ఉన్నది. ఇవతలి తెరమీద తెలుగులో కొట్టినది, అవతలి తెరమీద లిపి మార్చగానే ఒడియాలో కనిపిస్తుంది. దుకాణాల బోర్డులు రెండు లిపులలో కనిపించే రాయగడ వంటి ఊరికి ఇంతకంటె తగినది ఏముంటుంది! అయితే యంత్రం లిపిని మార్చగలదే గాని వర్ణక్రమాన్ని మార్చలేదు. 'రాయగడ' అని తెలుగులో రాసిన మాటను ఒడియాలో చివర దీర్ఘంతో రాయాలి. ఆ దీర్ఘం చేర్చడానికి రెండు భాషలూ తెలిసిన మనిషే కావాలి. ఇస్కీ అమరికను అనుసరించియే తరువాత యూనికోడ్‌లో భారతీయ లిపులు చేరాయి. అందులో ఒడియా 'క'కూ తెలుగు 'క'కూ మధ్య దూరం సరిగ్గా 256 గదులు. వరుసలు వేరైనా కూర్చున్న స్థానం ఒకటే.

1980ల చివర జాతీయ సమాచార కేంద్రం 'నిక్‌నెట్' ద్వారా దేశంలోని జిల్లా కేంద్రాలను ఉపగ్రహంతో కలిపింది. 1992 అక్టోబరులో కొరాపుట్ జిల్లా నాలుగుగా విడిపోయి రాయగడ కూడా జిల్లా కేంద్రమైంది. తరువాతి సంవత్సరాలలో ఈథర్‌నెట్, ఆపైన యు.ఎస్.బి., ఇంటర్నెట్ వచ్చి చేతితో చేసిన తీగెను మూలన పడవేశాయి. కొత్త కంప్యూటర్ల వెనుక 9 సూదుల రంధ్రమే మాయమైంది.

కాని 1990లలో కూర్చిన తెలుగు పుటలు ఇంకా పాత యంత్రాలలో ఉన్నాయి. బడి వార్షికోత్సవ సంచికలు, హాజరు పట్టికలు, సంఘాల తీర్మానాలు, ఎవరో పెద్దలు రాసిపెట్టిన స్థానిక చరిత్రలు ఫ్లాపీలలో, పాత హార్డ్‌డిస్కులలో మిగిలి ఉండవచ్చు. ఫ్లాపీ మీది అయస్కాంత పూత ఏటేటా బలహీనపడుతుంది. వానాకాలం తేమకు బూజు కూడా పడుతుంది. యంత్రం ఇంకా మేల్కొంటూ ఉంటే దానినుండి సమాచారం రాబట్టడానికి చవకైన దారి నల్ మోడెమ్ తీగెయే. కొత్త కంప్యూటరుకు యు.ఎస్.బి. నుండి 9 సూదులకు మార్చే చిన్న పరికరం బజారులో దొరుకుతుంది. రెండు వైపులా 9600 వేగం, ఎనిమిది బిట్లు, పారిటీ లేకుండా, ఒక ముగింపు బిట్టు అని అమర్చి, కెర్మిట్ వంటి కార్యక్రమంతో పంపితే అక్షరం చెడకుండా వస్తుంది. ఇస్కీలో ఉన్నవి యూనికోడ్‌లోకి సులువుగా మారుతాయి. డి.టి.పి. ఖతులతో కూర్చినవాటికి మాత్రం ఖతికొక సంకేతపద్ధతి ఉన్నందున ఏ ఖతిలో కూర్చారో కూడా తెలియాలి. ఆ ఖతి పేరు తెలిసిన డి.టి.పి. ఆపరేటర్లు ఇంకా మన మధ్య ఉండగానే అడిగి రాసిపెట్టుకోవడం మంచిది.

తీగె తయారైన తరువాత రెండు కొనల మీదా చిన్న కాగితం అంటించి, ఏ సూది ఏ సూదికి పోయిందో, ఏ యంత్రం కోసం చేసిందో, ఏ తేదీన చేసిందో సిరాతో రాయాలి. నిటారు తీగెకూ అడ్డం మార్చిన తీగెకూ పైకి ఏ భేదమూ కనిపించదు.